మనుషులకి టికెట్టు పెట్టిన రోజులు: తరచుగా అడిగే ప్రశ్నలు

పందొమ్మిదో శతాబ్దమంతా, ఇరవయ్యో శతాబ్దం సగం దాకా, యూరప్‌లోనూ అమెరికాలోనూ దూరదేశాల మనుషుల్ని తీసుకొచ్చి, కంచె అవతల నిలబెట్టి, టికెట్టు పెట్టి చూపించేవాళ్ళు. ఈ సంగతి చెబితే ముందు ఎవరూ నమ్మరు. నమ్మాక ఆపకుండా ప్రశ్నలు వేస్తారు. ఎక్కువగా వచ్చే ప్రశ్నలకి జవాబులు ఇక్కడ రాశాను.

నిజంగా బోనులో పెట్టేవాళ్ళా?

బోను తక్కువ, కంచె ఎక్కువ. మామూలుగా జరిగేది ఇలా ఉండేది. జంతు ప్రదర్శనశాలలో పచ్చిక ఉన్నచోటు చూసి నాలుగు గుడిసెలు వేస్తారు. ఆఫ్రికా నుంచో, ధ్రువ ప్రాంతం నుంచో, పసిఫిక్ దీవుల నుంచో తెచ్చిన కుటుంబాలని అందులో ఉంచుతారు. వాళ్ళు అక్కడే వండుకోవాలి, అక్కడే పిల్లలకి పాలివ్వాలి. రోజుకు ఇన్నిసార్లని నాట్యం చేయాలి, ఉత్తుత్తి యుద్ధాలు చేయాలి. జనం కంచె ఇవతల నిలబడి చూస్తారు. పక్కనే ఒంటెలో, ఏనుగులో ఉంటాయి.

‘మనుషుల జూ’ అనే పేరు చరిత్రకారులు తరవాత పెట్టింది. నడిపినవాళ్ళు అలా అనలేదు. జర్మన్లు ‘ఫోల్కర్‌షౌ’ అన్నారు, అంటే జాతుల ప్రదర్శన. ఫ్రెంచివాళ్ళు ‘నల్లవాళ్ళ గ్రామం’ అన్నారు. ‘గ్రామం’ అనేసరికి చూసేవాళ్ళకి మనసులో ఏ మూలో ఉండే ఇబ్బంది కూడా పోయేదేమో.

ఇది ఎప్పటి నుంచి ఉంది?

కొలంబస్ 1493లో కరీబియన్ దీవుల నుంచి వెనక్కి వచ్చేటప్పుడు చిలకలతో పాటు మనుషుల్నీ తెచ్చి స్పెయిన్ దర్బారులో చూపించాడు. 1550లో ఫ్రాన్స్‌లోని రూవాన్ నగరంలో రాజుగారి ఊరేగింపు కోసం నది ఒడ్డున ఏకంగా ఒక బ్రెజిల్ పల్లెనే కట్టారు. అక్కడ బ్రెజిల్‌లోని టుపినాంబా తెగవాళ్ళు దాదాపు యాభై మంది ఉన్నారు. వాళ్ళు సరిపోక ఒంటికి రంగు పూసుకున్న ఫ్రెంచి నావికులని కూడా కలిపారు.

కానీ అవన్నీ రాజుల ముచ్చట్లు. సామాన్యుడు డబ్బులిచ్చి చూసే వ్యాపారంగా ఇది మారింది పందొమ్మిదో శతాబ్దంలోనే. రైళ్ళు, ఆవిరి ఓడలు, పత్రికలు, పోస్టర్లు, ఆదివారం సెలవు, వీటికి తోడు వలస సామ్రాజ్యాలు. ఇవన్నీ ఒకచోట చేరాక వ్యాపారం ఊపందుకుంది.

సారా బార్ట్‌మన్ పేరు చాలాసార్లు వింటాం. ఆమె ఎవరు?

దక్షిణాఫ్రికా తూర్పు కేప్ ప్రాంతంలో, 1789 ప్రాంతాల్లో పుట్టిన ఖోయ్‌ఖోయ్ స్త్రీ. ‘సార్చీ’ అని రాసే పేరు డచ్చి వాళ్ళది. మన ‘చిట్టి’ లాగా చిన్నది చేసి పిలిచే పేరు. అమ్మానాన్న పెట్టిన పేరేమిటో ఎక్కడా నమోదు కాలేదు.

కేప్ టౌన్‌లో ఒక ఇంట్లో పనిచేస్తున్న ఆమెని 1810లో హెండ్రిక్ సీజర్స్, అలెగ్జాండర్ డన్‌లప్ అనే ఇద్దరు లండన్ తీసుకెళ్ళారు. పికడిల్లీ వీధిలో 225వ నంబరు భవనంలో ‘హాటెంటాట్ వీనస్’ అనే పేరుతో చూపించారు (ఖోయ్‌ఖోయ్‌లకి తెల్లవాళ్ళు పెట్టిన పేరు హాటెంటాట్). ఖోయ్‌ఖోయ్ స్త్రీలలో కొందరికి పిరుదులు పెద్దవిగా ఉంటాయి. చూడవచ్చినవాళ్ళ దృష్టి అంతా దానిమీదే. ఒంటిరంగులో కలిసిపోయే బిగుతు బట్టలు వేయించేవాళ్ళు. దూరం నుంచి చూస్తే ఒంటిమీద ఏమీ లేనట్టే కనిపించాలని.

నాలుగేళ్ళ తరవాత పారిస్. అక్కడ రియో అనే జంతువుల ట్రైనర్ చేతిలో పడింది. 1815 మార్చిలో రాజోద్యానంలో శాస్త్రవేత్తలు మూడు రోజుల పాటు ఆమెని పరిశీలించారు, చిత్రకారులు బొమ్మలు గీశారు. బట్టలన్నీ విప్పమంటే ఆమె ఒప్పుకోలేదు, చేతిరుమాలు అడ్డం పెట్టుకుంది. వాళ్ళలో ముఖ్యుడు జార్జ్ క్యూవియే, అప్పటి యూరప్‌లో జంతు శరీరశాస్త్రానికి పెద్ద దిక్కు. ఆమెకి డచ్చి భాష బాగా వచ్చనీ, ఇంగ్లీషు కొంత వచ్చనీ, ఫ్రెంచి నేర్చుకుంటోందనీ, జ్ఞాపకశక్తి గొప్పదనీ ఆయనే రాశాడు. అదే నివేదికలో ఆమె కదలికలని కోతితో పోల్చాడు.

1815 డిసెంబరు 29న ఆమె చనిపోయింది. శవాన్ని క్యూవియేకి అప్పగించారు. ఆయన ముందు ఒంటికి అచ్చు తీశాడు, తరవాత కోసి మెదడునీ జననాంగాలనీ సీసాల్లో పెట్టాడు, ఎముకలు వేరుచేసి అస్థిపంజరం నిలబెట్టాడు. బతికుండగా చూడనివ్వనని ఆమె పట్టుబట్టినదాన్నే చచ్చాక సీసాలో పెట్టారు. అస్థిపంజరం, అచ్చు పారిస్ మ్యూజియంలో 1970ల దాకా ప్రదర్శనలోనే ఉన్నాయి. అప్పటికి మనిషి చంద్రుడి మీద దిగి కొన్నేళ్ళయింది.

ఆమె ఇష్టపడే వచ్చానని కోర్టులో చెప్పిందట కదా?

చెప్పింది. 1810 నవంబరులో బానిసత్వానికి వ్యతిరేకంగా పనిచేసే జకారీ మెకాలే, ఆయన మిత్రులు లండన్ కోర్టుకెళ్ళారు. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించి మూడేళ్ళే అయింది, అందుకని ఈ కేసుకి అంత ప్రాధాన్యం. సారాని డచ్చి భాషలో గంటల తరబడి ప్రశ్నించారు. తన ఇష్టంతోనే వచ్చానని, లాభంలో సగం తనదని, వెనక్కి వెళ్ళాలని లేదని ఆమె చెప్పినట్టు నమోదైంది. కేసు కొట్టేశారు.

ఇక్కడ నాకెప్పుడూ తట్టేది ఒకటే. తెలిసినవాళ్ళెవరూ లేని ఊళ్ళో, ఎవరి తిండి తింటుందో వాళ్ళ మీదే సాక్ష్యం చెప్పమంటే ఏం చెబుతుంది? అయితే ఆమెకి తెలివి లేదనీ, ఎవరో అనిపిస్తే అందనీ కొట్టిపారేయడం కూడా ఆమెని చిన్నబుచ్చడమే. వేలిముద్ర ఉందా, సంతకం ఉందా అని చూసే కంటే, ఆ మనిషి వెళ్ళిపోతానంటే వెళ్ళనిచ్చేవాళ్ళా, ఇంటికి చేరగలిగిందా అని చూడటం మేలు. సారా ఇంటికి చేరడానికి ఎంతకాలం పట్టిందో చివర్లో చెబుతాను.

దీన్ని పెద్ద వ్యాపారంగా మార్చింది ఎవరు?

అమెరికాలో పి.టి. బార్నమ్, జర్మనీలో కార్ల్ హాగెన్‌బెక్.

బార్నమ్ తొలి అడుగే ఒక ముసలామెతో పడింది. 1835లో జాయిస్ హెత్ అనే అంధురాలైన నల్లజాతి బానిస స్త్రీని, జార్జ్ వాషింగ్టన్‌ని చిన్నప్పుడు పెంచిన 161 ఏళ్ళ ఆయా అని చెప్పి ఊరూరా తిప్పాడు. మరుసటి ఏడాది ఆమె చనిపోతే పోస్టుమార్టం కూడా జనం ముందే చేయించి, మనిషికి 50 సెంట్లు వసూలు చేశాడు. ఆమె వయసు ఎనభైకి మించదని కోసిన డాక్టరు తేల్చాడు. దానికీ పత్రికల్లో పెద్ద ప్రచారమే దొరికింది. బార్నమ్‌కి కావలసింది అదే.

హాగెన్‌బెక్ హాంబర్గ్‌లో జంతువుల వ్యాపారి. ప్రపంచమంతా తిరిగి సింహాలనీ జిరాఫీలనీ పట్టించి జూలకి అమ్మేవాడు. 1874లో రెయిన్‌డీర్లు తెప్పిస్తుంటే, వాటిని కాచే, యూరప్ ఉత్తర కొసన ఉండే సామీ తెగ కుటుంబాన్ని కూడా రప్పించమని ఒక చిత్రకార మిత్రుడు సలహా ఇచ్చాడు. జనం రెయిన్‌డీర్ల కంటే మనుషుల్నే ఎగబడి చూశారు. అంతే, 1876లో సూడాన్ వైపు నూబియన్లు, తరవాత గ్రీన్‌లాండ్ ఆదివాసులైన ఇన్యుయిట్లు, సింహళులు, వరసగా వచ్చారు. ఆయన ఏజెంట్లు ఏ దేశంలో జంతువుల్ని పట్టేవాళ్ళో ఆ దేశంలోనే మనుషుల్నీ మాట్లాడేవాళ్ళు.

పారిస్‌లోని జార్దాన్ దక్లిమతాసియోఁ అనే జంతూద్యానం అప్పులతో తంటాలు పడుతూ 1877లో హాగెన్‌బెక్ నుంచి నూబియన్లనీ ఇన్యుయిట్లనీ తెప్పించుకుంది. ఆ ఏడాది వచ్చినవాళ్ళు రెట్టింపై దాదాపు పది లక్షలకి చేరారు. 1912 దాకా అక్కడ ఇలాంటి ప్రదర్శనలు ముప్పై దాకా జరిగాయి.

చూపించబడినవాళ్ళు ఏమనుకునేవాళ్ళు? వాళ్ళ మాటలు ఏమైనా మిగిలాయా?

మిగిలాయి. ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదనిపించేది ఒక డైరీ. రాసినవాడి పేరు అబ్రహాం. కెనడాలోని లాబ్రడార్ తీరంలో హెబ్రాన్ అనే ఊరివాడు, ఇన్యుయిట్, వయసు 35. చదవడం రాయడం వచ్చు, చర్చిలో వయొలిన్ వాయించేవాడు. మొరేవియన్ క్రైస్తవ మిషన్ దుకాణంలో అప్పులుండేవి. యూరప్ చూసినట్టుంటుంది, అప్పూ తీరుతుందని 1880లో హాగెన్‌బెక్ ఏజెంటు జాకబ్‌సన్‌తో భార్యనీ ఇద్దరు చిన్నపిల్లలనీ తీసుకుని ఓడెక్కాడు. వద్దని మిషనరీలు చెప్పినా వినలేదు. టోబియాస్ అనే కుర్రాడూ, ఇంకా ఉత్తరాన ఉండే క్రైస్తవం పుచ్చుకోని మరో కుటుంబంలో ముగ్గురూ కలిసి మొత్తం ఎనిమిది మంది.

బెర్లిన్ జూలో జనం గుడిసెలోకి కూడా తోసుకొచ్చేవాళ్ళట. ఒకరోజు విసిగిపోయిన అబ్రహాం కొరడా, సీల్ జంతువుల్ని వేటాడే ఈటె తీసుకుని భయంకరంగా మొహం పెట్టి మీదికి ఉరికాడు. కొందరు పరుగు లంకించుకున్నారు, కొందరు చేయి కలిపారు. ఇది ఆయనే తన భాషలో రాసుకున్నాడు. మాట వినలేదని టోబియాస్‌ని జాకబ్‌సన్ కుక్కల కొరడాతో కొట్టిన సంగతీ రాశాడు. సాయంత్రాలు తలుపులు మూశాక వాళ్ళు ప్రార్థనలు చేసుకునేవాళ్ళు. పగలు ‘అడవి మనుషులు’గా నటించడం, రాత్రి బైబిలు. ఈ సంగతి టికెట్టు కొన్నవాళ్ళకి ఎవరు చెబుతారు?

జర్మనీలో దిగగానే మశూచి టీకాలు వేయించాలి. జాకబ్‌సన్ వేయించలేదు. డిసెంబరులో డార్మ్‌స్టాట్‌లో నొగ్గాసాక్ అనే అమ్మాయి చనిపోయింది. తరవాత ఆమె తల్లి. ఏడాది చివరి రోజున అబ్రహాం చిన్నకూతురు సారా. జ్వరంతో ఉన్న ఆ పిల్లని క్రెఫెల్డ్ ఆసుపత్రిలో వదిలి మిగతావాళ్ళు పారిస్ రైలెక్కాల్సి వచ్చింది. పారిస్‌లో 1881 జనవరి 1న టీకాలు వేశారు. అప్పటికే ఆలస్యమైంది. జనవరి 16కల్లా మిగిలిన ఐదుగురూ పోయారు. ఆఖరున పోయింది అబ్రహాం భార్య ఉల్రికే. డైరీ మాత్రం లాబ్రడార్ చేరింది.

అందరూ మోసపోయి వచ్చినవాళ్ళేనా? కొందరికి ఇది ఉద్యోగం కాదా?

కొందరికి ఉద్యోగమే. అమెరికా ఆదివాసులైన సియూల నాయకుడు సిట్టింగ్ బుల్ 1885లో నాలుగు నెలల పాటు బఫెలో బిల్ అనే అతను నడిపే ప్రదర్శనలో వారానికి 50 డాలర్ల జీతానికి పనిచేశాడు. సోమాలీ బృందాలు కొన్ని ఏళ్ళ తరబడి యూరప్ నగరాల్లో తిరుగుతూ, బేరాలు తామే మాట్లాడుకుంటూ, ఆరితేరిన కళాకారుల్లా బతికాయి. 1904లో ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఎగ్జిబిషన్‌లో సోమాలీ గ్రామం ప్రధాన ఆకర్షణ.

అటువైపు, 1883లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ తీరం నుంచి కన్నింగ్‌హామ్ అనే ఏజెంటు తొమ్మిది మంది ఆదివాసులని బార్నమ్ సర్కస్‌కి తరలించాడు. వాళ్ళు ఏం తెలిసి ఓడ ఎక్కారో ఊహించుకోవచ్చు. 1881లో పారిస్ వచ్చిన పదకొండు మంది కవేస్కర్ జనాన్ని చిలీ దక్షిణ కొస నుంచి ఎత్తుకొచ్చారు.

ఈ రెండు కొసల మధ్య రకరకాల మెట్లున్నాయి. ‘అందరూ బాధితులే’ అనడం సులువు, ‘జీతమిచ్చారుగా’ అనడం ఇంకా సులువు.

సైన్సువాళ్ళు అడ్డుకోలేదా?

అడ్డుకోవడం అటుంచి, క్యూలో ముందు నిలబడ్డారు. దూరదేశాలు వెళ్ళకుండా ఊళ్ళోనే తలలు కొలిచే అవకాశం దొరికింది మరి. బెర్లిన్‌లో రుడోల్ఫ్ విర్షో లాంటి మహామహులు హాగెన్‌బెక్ తెచ్చిన బృందాలని కొలిచారు. పుర్రె వెడల్పు, ముక్కు పొడవు, చేతుల నిడివి. వ్యాపారికి దీనివల్ల లాభం రెండు రకాలు. ‘శాస్త్రవేత్తలు నిజమైన జాతి అని ధ్రువీకరించారు’ అని పోస్టరు మీద వేసుకోవచ్చు. చదువుకున్న కుటుంబాలు కూడా పిల్లల్ని తీసుకుని జంకు లేకుండా రావచ్చు.

ఈ కొలతల పిచ్చి మన దగ్గరికీ వచ్చింది. మద్రాసు ప్రభుత్వ మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గార్ థర్‌స్టన్ 1885 నుంచి 1908 దాకా ఆ పదవిలో ఉండి, ప్రెసిడెన్సీలోని కులాలవాళ్ళ, తెగలవాళ్ళ ముక్కులూ తలలూ కొలిచాడు. అప్పటి ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కూడా ఉండేవి. చెంచుల గురించీ యానాదుల గురించీ నేటికీ చాలామంది ఉదహరించే రాతలు ఆయనవే. అక్కడ టికెట్టు లేదు, కంచె లేదు. కొలిచే పద్ధతి మాత్రం బెర్లిన్‌లోదే.

ఫ్రాంజ్ బోయాస్ అనే కుర్ర పరిశోధకుడు 1886లో బెర్లిన్‌లో కెనడా పశ్చిమ తీరపు బెల్లా కూలా బృందాన్ని చూశాడు. జనానికి వాళ్ళు నచ్చలేదు, నవలల్లో చదివిన ఈకల కిరీటాల ‘రెడ్ ఇండియన్ల’ లాగా లేరని. బోయాస్ మాత్రం వాళ్ళ పాటలకీ భాషకీ ముగ్ధుడై వాళ్ళ దేశం వెళ్ళాడు. జాతుల్లో ఎక్కువ తక్కువలున్నాయనే ‘సైన్సు’ని తరవాత జీవితమంతా ఎండగట్టినవాడు ఆయనే. అదే బోయాస్ న్యూయార్క్ మ్యూజియంలో ఉన్నప్పుడు, 1897లో గ్రీన్‌లాండ్ నుంచి ధ్రువ యాత్రికుడు పియరీ తెచ్చిన ఆరుగురు ఇన్యుయిట్లలో కిసుక్ అనే అతను చనిపోతే, అతని ఎనిమిదేళ్ళ ప్రాంతపు కొడుకు మినిక్ ముందు ఒక దుంగకి గుడ్డ చుట్టి ఉత్తుత్తి ఖననం జరిపించారు. అసలు శవం ఎముకల సేకరణలో చేరింది. పిల్లాడికి పెద్దయ్యాక తెలిసింది. బోయాస్ ఆ పని తప్పు కాదనే వాదించాడు.

ఓటా బెంగా కథ నిజమేనా, లేక నెట్‌లో పుట్టించిందా?

నిజమే. న్యూయార్క్ పత్రికలు అప్పట్లోనే రోజూ రాశాయి. ఓటా బెంగా కాంగోకి చెందిన ఎంబుటీ తెగ యువకుడు. సామ్యూల్ వెర్నర్ అనే అమెరికన్ 1904 సెయింట్ లూయీ ప్రపంచ ప్రదర్శన కోసం అతన్ని, మరికొందరిని తీసుకొచ్చాడు. తమ ఆచారం ప్రకారం అతని పళ్ళు కోసుగా చెక్కి ఉండేవి. నరమాంసం తినే పళ్ళని జనం చెప్పుకున్నారు. అతను మాత్రం పళ్ళు చూపించడానికి అయిదు సెంట్లు అడిగేవాడు. ఆ ప్రదర్శనలోనే ఖైదీగా ఉన్న అపాచీ నాయకుడు జెరోనిమో తన సంతకాలు అమ్ముకున్నాడు. ఫిలిప్పీన్స్ నుంచి తెచ్చిన వెయ్యిమందికి పైగా జనాన్ని 47 ఎకరాల్లో పెట్టారు. వాళ్ళలో ఇగొరోట్ తెగవాళ్ళు అప్పుడప్పుడు పూజల్లో మాత్రమే తినే కుక్కమాంసాన్ని జనం కోసం పదేపదే వండించారు.

1906 సెప్టెంబరులో ఓటా బెంగా బ్రాంక్స్ జూ కోతుల భవనంలో తేలాడు, డోహాంగ్ అనే ఒరాంగుటాన్ పక్కన. బయట బోర్డు మీద వయసు 23, ఎత్తు 4 అడుగుల 11 అంగుళాలు, బరువు 103 పౌండ్లు, సెప్టెంబరు నెలంతా మధ్యాహ్నాలు చూడొచ్చు అని రాశారు. ఒక్క ఆదివారమే దాదాపు 40,000 మంది వచ్చారని పత్రికలు రాశాయి.

అప్పుడు ఎదురు నిలిచింది నల్లజాతి పాస్టర్లు. అనాథాశ్రమం నడిపే జేమ్స్ గోర్డన్ అనే పాస్టరు, మా జాతి ఇప్పటికే చాలా అణగారి ఉంది, మాలో ఒకణ్ణి కోతులతో కలిపి చూపించక్కర్లేదు అన్నాడు. నగర మేయర్ వాళ్ళని కలవడానికే ఒప్పుకోలేదు. జూ డైరెక్టరు హోర్నడే ఇది విజ్ఞాన ప్రదర్శనే అన్నాడు. అయినా గోల పెరిగి, ఓటా బెంగా కూడా తిరగబడటంతో నెలాఖరుకి అతన్ని గోర్డన్ ఆశ్రమానికి పంపారు. తరవాత వర్జీనియాలో లించ్‌బర్గ్ చేరాడు. పళ్ళకి తొడుగులు వేయించుకున్నాడు, పొగాకు ఫ్యాక్టరీలో పనిచేశాడు, సాయంత్రాలు పిల్లలకి అడవిలో వేట నేర్పేవాడు. ఇంటికి వెళ్ళాలని డబ్బు లెక్కలు చూసుకుంటుండగా మొదటి ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. 1916 మార్చి 20న తుపాకితో కాల్చుకున్నాడు. జూని నడిపే సంస్థ 2020లో క్షమాపణ చెప్పింది.

భారతీయులని కూడా చూపించారా?

చూపించారు. 1885 చలికాలంలో లండన్‌లోని బాటర్‌సీ పార్కులో లిబర్టీ కంపెనీ 42 మందితో ఒక ‘భారతీయ గ్రామం’ పెట్టింది. ఎముకలు కొరికే చలి. వ్యాపారంగానూ దెబ్బతింది.

మరుసటి ఏడు సౌత్ కెన్సింగ్‌టన్‌లో జరిగిన కలోనియల్ అండ్ ఇండియన్ ఎగ్జిబిషన్ సర్కారు వారిది. 55 లక్షల మంది దాకా చూశారు. అందులో కుమ్మరులు, నేతగాళ్ళు, తివాచీలు అల్లేవాళ్ళు ఓ ముప్పై మందికి పైగా జనం ముందు కూర్చుని పనిచేస్తుంటే, తరతరాలుగా వస్తున్న కులవృత్తులని చెప్పారు. అసలు సంగతి ఏమిటంటే వాళ్ళలో చాలామంది ఆగ్రా జైలు నుంచి వచ్చినవాళ్ళు, పని నేర్చుకుంది కూడా జైల్లోనే. తీసుకొచ్చింది ఆ జైలు సూపరింటెండెంటే. విక్టోరియా రాణి ముచ్చటపడి స్వోబోడా అనే చిత్రకారుడితో వాళ్ళ బొమ్మలు వేయించింది. బక్షీరామ్ అనే కుమ్మరి వయసు 102 ఏళ్ళని చెప్పారు. బార్నమ్ ఆయా వయసు గుర్తొచ్చింది నాకు!

అదే ప్రదర్శనకి ప్రభుత్వోద్యోగిగా వెళ్ళిన బెంగాలీ రచయిత త్రైలోక్యనాథ్ ముఖోపాధ్యాయకి సూటూ బూటూ, ఇంగ్లీషూ అన్నీ ఉన్నా చూపులు తప్పలేదు. ఇంతకుముందు జులూలని చూశారు, ఇప్పుడు మమ్మల్ని చూస్తున్నారు అని నవ్వుతూనే రాసుకున్నాడు. తాను ఉద్యోగి వరసలో ఉన్నాడో, వస్తువుల వరసలో ఉన్నాడో ఆయనకి తెలిసిపోయింది.

సర్కస్‌లో పొట్టివాళ్ళని, అతుక్కుని పుట్టిన కవలలని చూపించడం కూడా ఇదేనా?

దగ్గరి చుట్టరికం ఉంది. ఒకదాంట్లో ‘ఈ మనిషి వింత’ అంటారు, ఇంకోదాంట్లో ‘ఈ జాతే వింత’ అంటారు. రెండోది ప్రమాదకరం, ఎందుకంటే చూసి ఇంటికి వెళ్ళినవాడు ఒక దేశం మొత్తం మీద అభిప్రాయం మోసుకెళ్తాడు. ఈ రెండూ కలిసిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒరిస్సాలో పుట్టిన రాదికా, దూదికా అనే అతుక్కుపోయిన అక్కచెల్లెళ్ళని చిన్నప్పుడే యూరప్ తీసుకెళ్ళి, బార్నమ్ అండ్ బెయిలీ సర్కస్‌లో తిప్పారు. దూదికాకి క్షయ వస్తే 1902లో పారిస్‌లో డాక్టర్ దోయెన్ వాళ్ళని విడదీశాడు. ఆ ఆపరేషన్‌ని కూడా ఫిల్ము తీయించాడు. దూదికా కొద్ది రోజులకే, రాదికా మరుసటి ఏడాది పోయారు.

మొత్తం ఎంతమందిని ఇలా చూపించారు?

ఫ్రెంచి చరిత్రకారుల అంచనాలో దాదాపు 35,000 మంది. ఇది అంచనా మాత్రమే, హాజరుపట్టీ కాదు.

ఎప్పుడు ఆగింది? ఎవరైనా చట్టం చేశారా?

ఒక్క దెబ్బతో ఆగలేదు. జర్మనీ 1901లో తన వలస రాజ్యాల నుంచి మనుషుల్ని ప్రదర్శనలకి తీసుకురావడం నిషేధించింది, అదీ జాలితో కాదు. ఇంటికి వెళ్ళినవాళ్ళు తెల్లవాళ్ళ అసలు బతుకులు చూసొచ్చి, మునుపటిలా భయపడరేమోనని. మొదటి యుద్ధం తరవాత సినిమా వచ్చి ఈ వ్యాపారాన్ని తినేసింది. మూడణాలకి తెరమీద అడవి కనిపిస్తుంటే గుడిసెలెందుకు, తిండి ఖర్చెందుకు.

అయినా 1931లో పారిస్‌లో వలస రాజ్యాల ప్రదర్శన జరిగింది. పసిఫిక్ దీవి న్యూ కలెడోనియా నుంచి అక్కడి ఆదివాసులైన కనాక్‌లని నూటపదకొండు మందిని, పారిస్ చూపిస్తామని రప్పించి, అదే పాత జంతూద్యానంలో ‘నరమాంస భక్షకులు’ అని బోర్డు పెట్టి నిలబెట్టారు. వాళ్ళలో గుమాస్తాలున్నారు, రేవులో పనిచేసేవాళ్ళున్నారు, చర్చికి వెళ్ళేవాళ్ళున్నారు. జర్మనీ నుంచి మొసళ్ళు తెచ్చుకుని, వాటికి బదులుగా కొందరిని అక్కడికి పంపారు. అలా నిలబడ్డవాళ్ళలో ఒకరి మునిమనవడు క్రిస్టియాన్ కరాంబ్యూ, 1998లో ఫ్రాన్స్ ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు.

చివరి పెద్ద ఉదాహరణ 1958 బ్రసెల్స్ ప్రపంచ ప్రదర్శన. వెదురు కంచె వెనక కాంగో గ్రామం. జనం అరటిపళ్ళూ చిల్లరా విసిరారు. అక్కడి కాంగో వాళ్ళు భరించలేక జులైలో సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. కంచె ఖాళీ అయింది. రెండేళ్ళకి కాంగోకి స్వాతంత్ర్యం వచ్చింది. అదే బెల్జియంలో 1897లో బ్రసెల్స్ దగ్గరి టెర్వురెన్‌కి 267 మంది కాంగో జనాన్ని తెస్తే ఏడుగురు చనిపోయారు. వాళ్ళ సమాధులు ఆ ఊరి చర్చి పక్కనే ఉన్నాయి.

మరి అరకులో టూరిస్టుల కోసం ధింసా ఆడించడం? అండమాన్‌లో జారవాలు?

రెండూ ఒకటి కాదు. ధింసా ఆడే మహిళలు ఆడాక ఇంటికి వెళ్తారు. డబ్బు చాలడం లేదని అడగగలరు, రామని చెప్పగలరు. ఆ డబ్బులో వాళ్ళకి చేరేదెంత అని నిలదీయడం మాత్రం అవసరమే.

అండమాన్ సంగతి వేరు. అక్కడి ట్రంక్ రోడ్డు జారవా ఆదివాసుల అడవి మధ్యగా పోతుంది. వాళ్ళ జనాభా కొన్ని వందలే. 2002లోనే సుప్రీంకోర్టు ఆ రోడ్డు మూసేయమంది. 2012లో, తిండి ఎరగా చూపి జారవా స్త్రీలని డాన్సు చేయమంటున్న వీడియో బయటకొచ్చి ప్రపంచమంతా గోలయింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్ళి పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుంచి శ్రీ విజయపురం) స్థిరపడ్డ తెలుగువాళ్ళు చాలామంది. మన టూరిస్టులూ తక్కువేం కాదు. బారాటాంగ్ సున్నపురాయి గుహల టూరు బుక్ చేసుకునేటప్పుడు ‘దారిలో జారవాలు కనిపిస్తారా?’ అని అడిగేవాళ్ళు ఉంటారు. ఫొటో తీయడం, తినేవి ఇవ్వడం నేరం. బారాటాంగ్‌కి సముద్రం మీదుగా వెళ్ళే దారి కూడా ఉంది. ఆ దారిలో వెళ్ళండి.

పాత ఫొటోలు షేర్ చేయొచ్చా?

నేనైతే చేయను. వాటిలో చాలావరకు అప్పట్లో పోస్టుకార్డులుగా అమ్మినవే. తప్పదనుకుంటే ఆ మనిషి పేరు, ఊరు తెలుసుకుని రాసి పెట్టండి. ‘ఆఫ్రికా మహిళ, 1889’ అని పెడితే పాత బోర్డే మళ్ళీ తగిలించినట్టు.

చనిపోయినవాళ్ళు ఇంటికి చేరారా?

కొందరు చేరారు. కన్నింగ్‌హామ్ తీసుకెళ్ళినవాళ్ళలో టాంబో అనే యువకుడు 1884లో క్లీవ్‌లాండ్‌లో చనిపోయాడు. శవానికి మందులు పూసి మ్యూజియంలో పెట్టారు. 1993లో అదే ఊళ్ళో ఒక అంత్యక్రియల దుకాణం నేలమాళిగలో దొరికింది. మరుసటి ఏడాది పామ్ ఐలాండ్‌లో తన వాళ్ళ మధ్య ఖననం చేశారు. మినిక్ తండ్రి ఎముకలు 1993లో గ్రీన్‌లాండ్ చేరాయి. మినిక్ 1918లోనే ఇన్‌ఫ్లుయెంజాతో పోయాడు. కవేస్కర్ ఐదుగురి అవశేషాలని జ్యూరిక్ నుంచి 2010లో చిలీకి పంపారు.

సారా బార్ట్‌మన్ కోసం 1994లో నెల్సన్ మండేలా ఫ్రాన్స్‌ని అడిగాడు. మ్యూజియం సొత్తు ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదన్నారు. ఎనిమిదేళ్ళు సాగదీశాక 2002లో ఆమె కోసమే ప్రత్యేకంగా ఒక చట్టం చేయాల్సి వచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 9న, దక్షిణాఫ్రికా మహిళా దినోత్సవం నాడు, గామ్టూస్ లోయలో హాంకీ అనే ఊరి గుట్టమీద ఆమెని పూడ్చిపెట్టారు. బయల్దేరి 192 ఏళ్ళు. 2015లో ఎవరో వెళ్ళి సమాధి ఫలకం మీద తెల్లరంగు చల్లారు. సమాధి చుట్టూ ఇప్పుడు ఇనప కంచె ఉంది, జనం లోపలికి రాకుండా.